అసంబద్ధ నాటకము – దాని పరమార్థము

ఒక బాట, ఒక చెట్టు, దాని చెంత ఇద్దరు బికారులు. ఎవరో రావలెనని వారు కనిపెట్టుకొని యున్నారు. ఆ మనుష్యుడు రాడు. రేపు తప్పక వచ్చునని ఒక బాలుడు కబురు తెచ్చును. మరునాడును అట్లే గడచును. ఇంతకు మించి కథ లేదు. శామ్యూల్ బెకెట్ రచించిన 'గోడో కొరకు నిరీక్షణ' 1953 జనవరి 5వ తేదీన పారిస్ నగరమున బాబిలోన్ అను చిన్న నాటకశాలలో మొదటిసారి ప్రదర్శింపబడినప్పుడు, ఇది నాటకమా, ప్రేక్షకులను ఎగతాళి చేయుటా యని యడిగినవారు పెక్కుమంది. డెబ్బది యేండ్లు దాటినను ఆ ప్రశ్న సమసిపోలేదు.

ఈ నాటకములను గూర్చి మన విద్యావంతులలో రెండభిప్రాయములు వినవచ్చుచున్నవి. ఇది నిరాశను బోధించు సాహిత్యమనియు, రెండు మహాయుద్ధములతో అలసిన యూరపు విడిచిన నిట్టూర్పే కాని వేరు కాదనియు, కార్యోన్ముఖులు కావలసిన జాతులకు దీనితో నిమిత్తము లేదనియు పెద్దలు కొందరందురు. అర్థము లేకుండుటయే గొప్పతనమనియు, పొంతనలేని మాటలు నాలుగు పేర్చినచో నవ్యనాటకమగుననియు యువకులు కొందరు తలచుచున్నారు. ఈ రెండును సత్యమునకు దూరములని మా నిశ్చయము. అసంబద్ధ నాటకము ఆశను చంపుటకు పుట్టినది కాదు. దొంగ ఆశను పట్టి యిచ్చుటకు పుట్టినది. ఈ భేదమును గ్రహింపనివారికి ఆ నాటకములు ఎన్నడును బోధపడవు.

మొదట పేరును గూర్చి ఒక మాట. ఈ పేరు ఆ రచయితలు పెట్టుకొన్నది కాదు. బుడాపెస్టులో జన్మించి, నాజీల ధాటికి మధ్య యూరపును విడిచి ఇంగ్లండు చేరిన మార్టిన్ ఎస్లిన్ అను విమర్శకుడు 1961లో తాను ప్రకటించిన గ్రంథమునకు 'అసంబద్ధ నాటకరంగము' అని నామకరణము చేసెను. ఆ పేరే లోకమున నిలిచినది. అందు ప్రధానముగ చర్చింపబడిన వారెవరు? బెకెట్ ఐర్లండువాడు. యూజీన్ అయొనెస్కో రుమేనియాలో జన్మించినవాడు. ఆర్థర్ అడమోవ్ కాకసస్ సీమలో పుట్టినవాడు. జాఁ జెనె ఫ్రెంచివాడే యైనను, తల్లిచే విడువబడి, చెరసాలలలో కాలము గడపినవాడు. వీరొక సంఘముగ ఏర్పడలేదు. ఒక ప్రకటనపత్రముపై చేవ్రాళ్లు చేయలేదు. వీరిలో బెకెట్ పరభాషయైన ఫ్రెంచిలో నాటకములు వ్రాసెను. ఇది గమనింపదగిన విషయము. మాతృభాషలో మాట అలవాటుగ వచ్చును; అలవాటు చాటున దాని డొల్లతనము దాగియుండును. పరభాషలో వ్రాయువాడు ప్రతి పదమును తూచి తీసికొనవలెను. మాట పనిచేయుచున్నదో, ఊరక మ్రోగుచున్నదో వానికి ముందుగ తెలియును.

ఇక తాత్త్వికమూలముల సంగతి. పందొమ్మిదవ శతాబ్దమున డెన్మార్కు తత్త్వవేత్త కీర్కెగార్డ్ 1843లో ప్రకటించిన 'భయము – కంపము' అను గ్రంథమున, కన్నకుమారుని బలియిమ్మన్న దైవాజ్ఞను శిరసావహించిన అబ్రహాము కథను విచారించి, విశ్వాసము తర్కమునకు అందునది కాదనియు, హేతువు ఆగిపోయిన చోటనే అది ఆరంభమగుననియు చెప్పెను. 1882లో జర్మను తత్త్వవేత్త నీషే, యూరపుజాతి తన దైవమును తానే చంపుకొన్నదని చాటెను. అది విజయఘోష కాదు, హెచ్చరిక. దైవము తొలగిన పీఠముపై ఏమి కూర్చుండునో యని ఆతడు కలత చెందెను. 1914లో మొదలైన మహాసంగ్రామము ఆ కలతకు ప్రత్యుత్తరమైనది. నాగరకతయు, శాస్త్రజ్ఞానమును, ప్రగతియు అను పెద్ద మాటలు కందకములలో బురదపాలైనవి. 1916లో జ్యూరిచ్ నగరమున డాడావాదులు అర్థరహితములైన శబ్దములను వేదికపై పలికినది ఈ యుద్ధము నడుమనే యని మరువరాదు. అర్థవంతములని పేరుపడిన ప్రసంగములు ఎచటికి కొనిపోయెనో వారు చూచియుండిరి.

ఈ భావములకు స్పష్టరూప మిచ్చినవాడు ఆల్బేర్ కామూ. హిట్లరు సేనల క్రింద ఫ్రాన్సు నలుగుచున్న 1942లో ఆతని 'సిసిఫస్ పురాణము' వెలువడెను. అసంబద్ధత లోకమున లేదు, మనుష్యునియందును లేదు అని కామూ వాదము. మనుష్యుడు అర్థమును కోరును, లోకము పలుకకుండును. ఈ రెంటి యెదురుపాటుననే అసంబద్ధత పుట్టును. అట్లయిన చేయవలసినదేమి? ప్రాణము తీసికొనుట యొక మార్గము. కన్నులు మూసికొని ఏదో యొక విశ్వాసములోనికి దుముకుట మరియొకటి. రెండును పలాయనములే యని కామూ త్రోసివేసెను. ప్రశ్నను విడువక, జవాబు వచ్చినట్లు నటింపక, బ్రదుకుచు తిరుగబడుటయే మనుష్యునికి తగినదని తేల్చెను. బండను కొండపైకి దొర్లించుచు, అది మరల జారిపడగా మరల దిగివచ్చు సిసిఫస్ ఆతని దృష్టిలో ఓడినవాడు కాడు.

మన వేదాంతులు ఏనాడో జగన్మిథ్య యనిరి గదా, ఇందు క్రొత్త యేమున్నదని చదువరులు అడుగవచ్చును. పోలిక పైపైననే. అద్వైతికి జగత్తు మిథ్యయైనను బ్రహ్మము సత్యము. తెర వెనుక నొక వస్తువున్నది. కామూకు తెర వెనుక సంగతికి సాక్ష్యము లేదు. తెర యిటుననే బ్రదుకవలెను. ఈ రెంటిని ఒకటియే యని చెప్పి సంతోషించుట ఇరువురకును అన్యాయము చేయుటయే.

అయినను తత్త్వము వేరు, నాటకము వేరు. కామూయు, సార్త్రును తమ నాటకములలో జీవితము నిర్హేతుకమని చక్కని తర్కముతో, తీర్చిన వాక్యములతో వాదించిరి. చెప్పినది ఒకటి, చెప్పిన తీరు మరియొకటి యాయెను. అసంబద్ధ నాటకకర్తలు వాదించుట మాని చూపిరని ఎస్లిన్ వ్రాసిన మాట యథార్థము. అయొనెస్కో ఇంగ్లీషు నేర్చుకొనుటకై ఒక పాఠ్యపుస్తకమును తెరచెను. వారమునకు ఏడు దినములు, నేల క్రిందను, కప్పు మీదను ఉండును అను వంటి పరమసత్యములను అందలి దంపతులు ఒకరికొకరు గంభీరముగ తెలుపుకొనుచుండిరి. ఆ సంభాషణలనుండియే 'బట్టతల గాయని' పుట్టినది. 1950 మే 11న పారిసులో అది ప్రదర్శింపబడెను. అందు మర్యాదస్థులు మర్యాదగ మాటలాడుచు మాటలాడుచు, తుదకు ముక్కలైన శబ్దములను ఒకరిపై నొకరు విసరుకొందురు. భాష చచ్చిపోవుట అందు కంటికి కనబడును.

మన ధనంజయుడు దశరూపకమున వస్తువు, నేత, రసము అను మూడింటిని బట్టి రూపకభేదములను నిర్ణయించెను. ఆ కొలబద్దతో బెకెట్ నాటకమును చూచినచో వస్తువు నిరీక్షణమాత్రము. నేతలు గొప్ప గుణములు లేని బికారులు. రసమా, హాస్యకరుణములు విడదీయరాక పెనగొన్నవి. సర్కసు విదూషకుల చేష్టలను, మూగచిత్రముల టోపీ వినోదములను తీసికొని బెకెట్ మరణభయముతో కలిపెను. ప్రేక్షకుడు నవ్వును, నవ్వు ముగియకమునుపే గుండె కలుక్కుమనును.

ఇంతవరకు స్వరూపము. ఇది నిరాశాబోధ యను ఆక్షేపణను ఇక పరీక్షింతము. రచయితల జీవితములే మొదటి సాక్ష్యము. బెకెట్ తటస్థరాజ్యమైన ఐర్లండు పౌరుడు. పారిసులో మిన్నకున్నచో అడుగువాడు లేడు. అయినను ఆతడు జర్మనుల నెదిరించు రహస్యదళమున చేరెను. 1942లో ఆ దళమును ఒకడు ద్రోహముతో పట్టియిచ్చెను, మిత్రులనేకులు చెరపాలైరి. బెకెట్ తప్పించుకొని దక్షిణఫ్రాన్సులో రుసియోఁ అను పల్లెకు పోయి దాగియుండెను. రాత్రి యెప్పుడగునా, కబురెప్పుడు వచ్చునా యని కనిపెట్టుకొనుట యననేమో ఆతనికి పుస్తకములనుండి తెలిసినది కాదు. 1945లో ఫ్రెంచి ప్రభుత్వము ఆతనికి యుద్ధపతకము నొసగెను. కామూ సైతము రహస్యముగ వెలువడుచుండిన 'కొంబా' పత్రికలో పనిచేసెను. జీవితమునకు ముందే నిర్ణయింపబడిన అర్థము లేదన్న వీరు ప్రాణములొడ్డి నిలిచిరి. పెద్ద పెద్ద అర్థములు చెప్పిన వారనేకులు శత్రువునకు సలాము చేసిరి. ఎవరిది నిరాశ?

ప్రేక్షకులు రెండవ సాక్ష్యము. 1956లో అమెరికాలోని మయామీ నగరమున ఈ నాటకమును నవ్వులవిందుగ ప్రకటించి ఆడగా, విహారమునకు వచ్చిన ధనికులలో చాలమంది మొదటి యంకము ముగిసినంతనే లేచిపోయిరి. మరుసటి యేడు నవంబరు 19న కాలిఫోర్నియాలోని శాన్ క్వెంటిన్ కారాగారమున అదే నాటకము ఖైదీల యెదుట ఆడబడెను. 1913లో సారా బెర్న్‌హార్ట్ వచ్చి నటించిన తరువాత ఆ చెరలో నాటకము జరుగుట అదే మొదలు. సుమారు 1,400 మంది దండితులు కూర్చుండిరి. గొడవ జరుగునేమో యని నటులు వెరచిరి. కాని వారు కదలక చూచిరి. గోడో యనగా బయటి లోకమని ఒకడు, సంఘమని ఒకడు చెప్పిరి. పండితులకు చిక్కని యర్థము వారికేల చిక్కినది? నిరీక్షణము వారికి ఉపమానము కాదు, దినచర్య.

1993లో, శత్రుసేనలు చుట్టుముట్టిన సరయెవో నగరమున, విద్యుత్తు లేని నాటకశాలలో క్రొవ్వొత్తుల వెలుగున, అమెరికా రచయిత్రి సూసాన్ సొంటాగ్ ఆ నాటకపు మొదటి యంకమును ఆడించెను. గుండ్లు పడుచున్న వీథుల గుండ నడచి జనులు దానిని చూడవచ్చిరి. రానున్న సహాయము రాక, రేపు రేపను మాట వినుచున్న ఆ ప్రజలకు దాని భావమును ఒకరు విప్పి చెప్పవలసిన పని లేకపోయెను. ఆశను చంపునదైనచో ఆపన్నులు దీనినేల కోరుదురు? తమ స్థితిని బొంకులేక చెప్పిన మాటయే వారికి ఊరట.

మూడవ సాక్ష్యము మావంటి జాతీయపత్రికలవారు ముఖ్యముగ చెవియొగ్గవలసినది. అయొనెస్కో 1930వ దశకమున రుమేనియాలో ఉన్నప్పుడు, చదువుకొన్నవారు, తన మిత్రులు, ఒకరి తరువాత నొకరు 'ఇనుపదళము' అను ఫాసిస్టు ఉద్యమమునకు లోబడుటను కన్నులార చూచెను. 1959లో జర్మనీలోని డుసెల్‌డోర్ఫ్ నగరమున మొదట ప్రదర్శింపబడిన ఆతని 'ఖడ్గమృగము' నాటకమునకు ఆ యనుభవము బీజము. ఒక చిన్న పట్టణమున మనుష్యులు ఖడ్గమృగములుగ మారుచుందురు. జనులు మొదట ఆశ్చర్యపడుదురు. పిదప వానికి కొమ్ము ఒకటియా, రెండా యని తర్కింతురు. పిదప వాని పక్షమునను న్యాయమున్నదందురు. పిదప మారిపోవుదురు. తుదకు బెరాంజె అను సామాన్యుడొక్కడే మనుష్యుడుగ మిగులును. ఆ చర్మము తనకు లేకపోయెనే యని వాడును ఒక్కక్షణము కుములును. దేశభక్తి మహాగుణము. కాని జనసమ్మర్దపు పదఘట్టనమునకు దేశభక్తి యని పేరు పెట్టినంత మాత్రమున అది దేశభక్తి కాజాలదు. తన గుంపును తాను ప్రశ్నింపలేని జాతీయత నుదుట కొమ్ము మొలచుటకు ఎంతో కాలము పట్టదు.

చెకొస్లొవేకియాలో ఈ నాటకపద్ధతి మరియొక విధముగ ఫలించినది. 1963లో ప్రాగ్ నగరమున ప్రదర్శింపబడిన వాత్స్లావ్ హావెల్ నాటకము 'ఉద్యానవనపు విందు'లో ఒక యువకుడు కచేరీభాషను వల్లించి, పెద్ద పదవి కెక్కి, చివరకు తన యింట తానే పరాయి యగును. ఏలికలకు దీని భావము బాగుగనే తెలిసినది. 1968లో రష్యాసేనలు ప్రవేశించిన పిదప హావెల్ నాటకములు నిషేధింపబడెను. 1979 మొదలు 1983 వరకు ఆతడు చెరననుభవించెను. 1982లో బెకెట్ తన చిన్న నాటకము నొకదానిని ఆతనికి అంకితము చేసెను. 1989 డిసెంబరులో ఆ హావెలే దేశాధ్యక్షుడాయెను. అర్థము లేని నాటకమైనచో ప్రభుత్వములేల జంకెను?

ఈ పద్ధతికి లోపములు లేవని మేమనము. 1958లో కెనెత్ టైనన్ అను ఆంగ్లవిమర్శకుడు 'అబ్జర్వర్' పత్రికలో అయొనెస్కోపై వాదము లేవదీసి, ఈ మార్గము సంఘజీవితమునుండి తొలగిపోవునదని ఆక్షేపించెను. రాజకీయసిద్ధాంతములకు లోబడని భయములును, కోరికలును మనుష్యునికి కలవనియు, కళ వానిని చెప్పవలెననియు అయొనెస్కో ప్రత్యుత్తరమిచ్చెను. ఇరువురి మాటలయందును సత్యమున్నది. అసంబద్ధ నాటకము రోగమును చూపును, ఔషధము నీయదు. ఆకలికి, దాస్యమునకు, అన్యాయమునకు కర్తలు కలరు. వానిని విశ్వరహస్యములని చెప్పి ఊరకుండరాదు. గోడో రానిచోట నిరీక్షణము సత్యము కావచ్చును. కాని గడియ మనచేతనే తీయదగిన తలుపు నెదుట కూర్చుండి నిరీక్షించుట సోమరితనము.

కావున అనుకరింపదలచు యువకులకు మేము చెప్పునది యిది. బెకెట్ చెట్టును, అయొనెస్కో కుర్చీలను అరువు తెచ్చుకొనుట సులభము. ఆ శూన్యమునకు వారు చెల్లించిన మూల్యమును అరువు తెచ్చుకొనుట దుర్లభము. మీ చుట్టు నున్న మాటలలో ఏవి చచ్చినవో వెదకుడు. సభలలో, కచేరీలలో, పెండ్లి పందిళ్లలో, పత్రికలలో సహితము, ఎవ్వరును నమ్మకయే అందరును పలుకు మాటలు ఏవియో గుర్తింపుడు. పెద్దలకు మేము చెప్పునది వేరొకటి. అద్దము వికృతముగ చూపినదని పగులగొట్టుటకు ముందు మొగమును తడవి చూచుకొనుట మేలు. తీపిమాటలు చెప్పు నాటకములు మనకు కొఱతలేదు. రేపు వచ్చునన్న కబురును విని విని అలసిన ప్రజకు, ఆ కబురు తెచ్చుచున్నదెవరు, పంపుచున్నదెవరు అని యడుగ నేర్పు నాటకము ఒక్కటి దొరకినను అది జాతికి సేవయే యగును.