సెలైన్‌తో ఆకలి తీరేనా? ఐసీయూ రోగి ఆహారంపై పట్టింపేది?

తెల్లవారేసరికి ఏ జిల్లా కేంద్ర ఆసుపత్రికి వెళ్లినా ఐసీయూ ముందు కనిపించే దృశ్యం దాదాపు ఒక్కటే. లోపల వెంటిలేటర్‌పై మనిషి. బయట వరండాలో చాప మీద రాత్రంతా గడిపిన కుటుంబం. పక్కనే ఫ్లాస్కులో రాగిజావ. నర్సు పిలిస్తే అది లోపలికి వెళుతుంది, లేకుంటే అక్కడే చల్లారిపోతుంది. రోగికిచ్చే ప్రతి మందూ కేస్ షీటులో మిల్లీగ్రాములతో సహా నమోదవుతుంది. ఆహారం దగ్గరకు వచ్చేసరికి మాత్రం 'ఆర్.టి. ఫీడ్స్' అన్న రెండు మాటలతో సరిపెట్టడం చాలాచోట్ల పరిపాటి. ఏమిటి, ఎంత, ఎన్నిసార్లు అన్నది విధుల్లో ఉన్న సిబ్బంది తీరికకు, బంధువుల స్తోమతకు వదిలివేసినట్లే.

2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పేదలకు ఖరీదైన చికిత్సను చేరువ చేసింది. 2020, 2021 కోవిడ్ విపత్తులో జిల్లా ఆసుపత్రులకు వెంటిలేటర్లు, ఆక్సిజన్ పైపులైన్లు వచ్చాయి. యంత్రాల గురించి జరిగిన చర్చలో పదో వంతు కూడా ఆ యంత్రంపై పడుకున్న మనిషి కడుపు గురించి జరగలేదు.

సీసాలో ఉన్నదెంత?

'సెలైన్ ఎక్కుతోంది కదా, ఇక తిండి ఎందుకు?' అన్న మాట పల్లెల్లోనే కాదు, చదువుకున్నవారి నోటా వినిపిస్తుంది. సాధారణ సెలైన్ అంటే ఉప్పునీరు. అందులో ఒక్క కెలోరీ కూడా ఉండదు. ఐదు శాతం గ్లూకోజ్ లీటరు ఎక్కిస్తే లభించేది 50 గ్రాముల గ్లూకోజ్, సుమారు 170 కెలోరీలు. అంటే మూడు ఇడ్లీల పాటి శక్తి. మాంసకృత్తులు శూన్యం. రక్తనాళం ద్వారా పూర్తి పోషకాలు ఎక్కించే ద్రవాలు వేరే ఉన్నాయి. అవి ఖరీదైనవి, ఇన్‌ఫెక్షన్ ముప్పుతో కూడుకున్నవి. పేగులు పనిచేస్తున్నంత వరకు ముక్కు గొట్టం ద్వారా కడుపులోకి పంపడమే మేలని వైద్యుల మాట. రక్తపోటు నిలకడగా ఉంటే ఐసీయూలో చేరిన 48 గంటల్లోపే కొద్దికొద్దిగా ప్రారంభించాలన్నది ప్రపంచవ్యాప్తంగా అనుసరిస్తున్న విధానం.

ఇక జావ లెక్క చూద్దాం. 60 కిలోల రోగికి, తొలి విషమ దశ దాటాక, రోజుకు సుమారు 1500 కెలోరీలు, 70 గ్రాములకు పైగా మాంసకృత్తులు అవసరమని అంచనా. 30 గ్రాముల రాగిపిండిని ఒక గ్లాసు జావగా కాస్తే దక్కేది వంద కెలోరీలు, రెండు గ్రాముల మాంసకృత్తులు. అటువంటివి రోజుకు ఎనిమిది గ్లాసులు ఇచ్చినా 800 కెలోరీలు, 17 గ్రాములు. మాంసకృత్తులు కావలసిన దానిలో నాలుగో వంతు కూడా లేవు. గొట్టం సన్నం. చిక్కగా పోస్తే అడ్డుపడుతుందని మరికొంత నీరు కలుపుతారు. అప్పుడు ఆ లెక్క ఇంకా పడిపోతుంది. తప్పు రాగులది కాదు. పాలు, గుడ్డు తెల్లసొన, పెసరకట్టు చేర్చి, తూకం వేసి చేస్తే వంటింటి ఆహారమూ చాలావరకు పనికొస్తుంది. ఆ తూకం వేసేవారే లేరు.

కరిగిపోయే కండ

తీవ్ర జబ్బు పడిన శరీరం తన కండనే కరిగించుకుంటుంది. లండన్ వైద్యులు 2013లో ప్రచురించిన అధ్యయనంలో ఐసీయూ రోగుల తొడ కండరం పది రోజుల్లో దాదాపు 18 శాతం తరిగిపోయింది. తిండి ఒక్కటే దీనిని ఆపలేదు. అయితే తిండి లేకపోతే నష్టం మరింత పెరగవచ్చు. ఊపిరి పీల్చే కండరాలు బలహీనపడితే వెంటిలేటర్ తీయడం కష్టమవుతుంది. ఆసుపత్రిలో రోజులు పెరుగుతాయి, అప్పులూ పెరుగుతాయి.

మన జిల్లాల ఐసీయూలలో పురుగుమందు తాగినవారు కనిపించని రోజు అరుదు. వీరిలో కొందరు రెండు మూడు వారాలు వెంటిలేటర్‌పైనే ఉంటారు. విషానికి విరుగుడుగా ఇచ్చే అట్రోపిన్ పేగుల కదలికను మందగింపజేస్తుంది. కడుపు ఉబ్బిందని ఒక పూట, స్కానింగ్ ఉందని మరో పూట, గొంతుకు రంధ్రం చేయాలని ఇంకో పూట ఆహారం ఆపుతారు. ఆపమన్న ఉత్తర్వు కేస్ షీటులో ఉంటుంది. తిరిగి ఎప్పుడు మొదలుపెట్టాలన్నది రాయడం మరిచిపోతారు. అలా ఒక పూట ఉపవాసం ఒకటిన్నర రోజుగా మారుతుంది. దీనికి యంత్రాలు అక్కరలేదు, ఒక కలం చాలు.

ఎక్కువైనా ముప్పే

అలాగని మొదటి రోజు నుండే దండిగా పోయడం మంచిది కాదు. ఫ్రాన్సులో మూడు వేల మందికి పైగా రోగులపై జరిపిన అధ్యయనం ఫలితాలు 2023లో వెలువడ్డాయి. మొదటి వారం తక్కువ ఆహారం ఇచ్చినవారిలో మరణాలు పెరగలేదు సరికదా, వారు ఐసీయూ నుండి కొంత ముందుగానే బయటపడ్డారు. అదే ఏడాది వెలువడిన మరో అంతర్జాతీయ అధ్యయనం మాంసకృత్తులను బాగా పెంచినా లాభం లేదని, మూత్రపిండాలు దెబ్బతిన్నవారికి కీడు జరగవచ్చని తేల్చింది. మద్యానికి బానిసలై రోజుల తరబడి తినని వారికి ఒక్కసారిగా ఆహారమిస్తే రక్తంలో ఫాస్ఫేటు, పొటాషియం పడిపోయి గుండె లయ తప్పుతుంది. మూత్రపిండాలు పనిచేయని రోగికి ప్రేమతో తెచ్చిన కొబ్బరినీళ్లు పొటాషియం పెంచి ప్రమాదం తేవచ్చు.

ఈ ఫలితాలను చూపి జావతో సరిపెట్టడాన్ని సమర్థించుకోవడం మాత్రం పొరపాటు. అక్కడ తక్కువ ఇచ్చింది కొలిచి, కావాలని, మొదటి వారానికి. ఇక్కడ తక్కువ వెళుతున్నది ఎవరికీ తెలియకుండా, మూడో వారంలో కూడా.

ఎవరు రాయాలి?

ఇంట్లో రుబ్బిన ఆహారం కలుషితమయ్యే ముప్పు ఉన్నందున తయారుచేసిన పొడులకే ప్రాధాన్యమివ్వాలని భారత క్రిటికల్ కేర్ వైద్యుల సంఘం 2018 మార్గదర్శకాల్లో సూచించింది. మన మే నెల ఎండల్లో ఫ్లాస్కు జావ ఎంతసేపు నిలుస్తుందో తెలిసినవారు ఈ మాటను కాదనలేరు. అయితే చీటీ రాసిచ్చి బయట కొనుక్కు రమ్మంటే కూలీ కుటుంబం ఎన్నాళ్లు తేగలదు? నాలుగు రోజులు తెస్తుంది, ఐదో రోజు డబ్బాలో సగం పొడి వేసి ఎనిమిది రోజులు లాగుతుంది. ఔషధాల కొనుగోలు జాబితాలోనే ఈ పొడినీ చేర్చి ఆసుపత్రే ఇవ్వాలి. అంతవరకు ఆసుపత్రి వంటశాలలోనే ఒక త్రాసు, ఒక మిక్సీ, ఒక రిఫ్రిజిరేటర్ కేటాయించి తూకం ప్రకారం తయారుచేయించడం అసాధ్యమేమీ కాదు.

డైటీషియన్లను ఆరోగ్య వృత్తి నిపుణులుగా గుర్తిస్తూ కేంద్రం 2021లో చట్టం తెచ్చింది. ఐసీయూ రౌండ్స్‌లో వైద్యుని వెంట డైటీషియన్ నడిచినప్పుడే ఆ గుర్తింపునకు అర్థం. అప్పటివరకు వరండాలోని కుటుంబం కూడా అడగవచ్చు. నిన్న ఎన్ని మిల్లీలీటర్లు ఇచ్చారు? ఆపితే ఎందుకు ఆపారు, మళ్లీ ఎప్పుడు మొదలుపెడతారు? పోసేటప్పుడు తలవైపు మంచం 30 నుండి 45 డిగ్రీలు ఎత్తుతున్నారా? ఈ మూడింటికీ సమాధానం కేస్ షీటులోనే ఉండాలి.