పేనుబంక – పొరుగుమొక్క

మన రైతు పెట్టిన పేర్లలో శాస్త్రము దాగియున్నది. ‘పేనుబంక’ అను మాటనే చూడుడు. లేతచిగురును పట్టి రసము పీల్చు పురుగు పేను. అది విసర్జించు తీపి జిగురు బంక. ఆ బంకపై నల్లని బూజు పట్టును. దాని రుచికి చీమలు చేరి, పేనుకు కావలి కాయును. తెగులు, దాని గుర్తు, రెండును ఒక్క మాటలో ఇమిడినవి. ఇక ఆ పేనును తిని బ్రదుకు నల్లచుక్కల ఎఱ్ఱపురుగునకు మనవారిడిన పేరు ‘అక్షింతల పురుగు’. మేలు చేయుదానికి ఎంత మంగళనామము!

ఈ వివేకమును మనము మందుడబ్బాకు తాకట్టు పెట్టితిమి. పిచికారీ చేసిననాడు పేనుతోపాటు అక్షింతల పురుగును చచ్చును. పేను మగతోడు లేకయే పిల్లలను కనును గనుక, కొలదిదినములలోనే మరల మొక్కను క్రమ్ముకొనును. దానిని తినవలసిన పురుగు అంత త్వరగా పెరుగదు. రైతు మరల మందు కొనును.

ఇందుకు మారుగా పొరుగుమొక్కను నాటుట మేలు. బెండ, వంగ మడుల చుట్టు బొబ్బర విత్తినచో, దానిపై చేరు నల్లపేను కొఱకు అక్షింతల పురుగులు ముందుగా వచ్చి, పిదప ప్రక్క మడులకు వ్యాపించును. ఆ నల్లపేను పప్పుజాతి మొక్కలనే మిక్కిలి కోరును. కావున చిక్కుడు పందిరి చెంత మాత్రము బొబ్బర తగదు. కొత్తిమీరను కొంత పూతకు విడిచినచో సిర్ఫిడ్ ఈగలకు తేనె దొరకును. వాని పిల్లపురుగులు పేనును భక్షించును. బంతి వాసనకే పేను పారిపోవుననుట అతిశయోక్తి. దాని వేరు నేలలోని నులిపురుగుల నణచుటయు, పువ్వు మిత్రకీటకములను పిలుచుటయు నిజము.

ఇది నిదానపు పద్ధతి యని కొంద రాక్షేపింతురు. నిజమే, పేను ముదిరినప్పుడు నీటిధారతో కడుగవలెను, చీమల నరికట్టవలెను, కొన్నిదినము లోర్వవలెను. కాని ఓర్పు నిష్ఫలము కాదు. నేటి జనగామ జిల్లాలోని ఏనెబావి అను చిన్నపల్లె 2006లో రసాయనములు లేని సేద్యమే తమదని ప్రకటించుకొన్నది. ఊరంతయు చేయగలిగినది ఒక బడితోటలో చేయలేమా?

హుస్నాబాద్ ప్రాంతపు ఉపాధ్యాయ మిత్రులకు నా విన్నపమిది. బడితోటలోని బెండకాయ మధ్యాహ్న భోజనమున పిల్లల కంచములోనికే వచ్చును. దానిపై విషము చల్లుట తగదు. ఒక మడికి బొబ్బర, కొత్తిమీర తోడునిచ్చి, వేఱొక మడిని ఒంటరిగా విడువుడు. వారమున కొకసారి పది ఆకులపై పేనులను, అక్షింతల పురుగులను పిల్లలచేత లెక్కింపజేయుడు. ఏది శత్రువో, ఏది మిత్రమో ఎఱిగిన చేయి తొందరపడి మందుడబ్బాను తాకదు.