పాదిరిపాట సారస్వతము కాదా?

మహబూబాబాదు జిల్లా డోర్నకలున 1939లో పూర్తియైన దేవాలయమును చూడబోయిన పండితమిత్రు లొకరు, గుమ్మటములను, కోవెలరీతి స్తంభములను మిక్కిలి మెచ్చుకొనిరి. లోపలినుండి తెలుగు కీర్తన వినవచ్చినంతనే ‘పాదిరిపాట’ యని పెదవి విఱిచిరి. రాతిలో మెచ్చిన సమ్మేళనము మాటలో ఏల రుచింపలేదో నాకు తెలియలేదు.

ఆంధ్రక్రైస్తవ కీర్తనకారులలో అగ్రగణ్యుడు పురుషోత్తమ చౌధరి. 1803లో పర్లాకిమిడి ప్రాంతమున మదనాపురమున బ్రాహ్మణగృహమున జన్మించెను. 1833లో కటకమున బాప్తిస్మము పొంది, బోధకుడై, 1890లో గతించువఱకు పాడుచునే యుండెను. ‘కులాచారపరీక్ష’ వంటి వచనరచనలును గలవు. నూటికి పైబడిన కీర్తనలకు పల్లవి, చరణములు మనవే; రాగతాళములు మనవే. అన్నియు మేలైనవని నే ననను. కొన్నింట సిద్ధాంతమే గాని కవిత్వము లేదు. అట్టి పద్యములు మన శతకములలో మాత్రము లేవా?

మతప్రచార మందురా? మా జనగామ జిల్లా పాలకుర్తిలో పుట్టిన సోమనాథుడు చేసిన దేమి? వీరశైవమును చాటుటకే గదా ద్విపదను చేపట్టెను! పరమతములను తూలనాడుటలో ఆయనకు సంకోచమే లేదు. అయినను బసవపురాణమును తలదాల్చుచున్నాము, దాల్చవలసినదే. వేల్సు దేశమున 1791లో మరణించిన విలియం విలియమ్సు, పాంటికెలిన్ అను ఇంటిపేరుతో ప్రసిద్ధుడు, ఊరూర తిరిగిన మతబోధకుడే. వారి సాహిత్యచరిత్రలో ఆయన కీర్తనలకు పెద్దపీట. దైవభక్తి లేనివారును ఆయనను తమ మహాకవులలో లెక్కింతురు.

చదువరులారా, ఉన్నమాట చెప్పుకొందము. ఆ పెదవివిఱుపు కవిని చూచి కాదు, ఛందస్సును చూచియు కాదు. పాడు గొంతును చూచి. డోర్నకలు మేత్రాసనమున ఆ కీర్తనలను కంఠస్థము చేసినవారిలో మాల మాదిగలే అధికులు. మన బడిగడప త్రొక్కనీయని కాలమున, అక్షరము రాని తల్లులు ఆ చరణములనుబట్టి తెలుగు సమాసములు పలుక నేర్చిరి. మనము నేర్పని భాషను పాట నేర్పినది. దానిని సారస్వతమనిన మన నిర్లక్ష్యమునుగూడ ఒప్పుకొనవలసివచ్చును.

ఈ నిందలో నాకును పాలు కలదు. ఇన్నేండ్లు జనగామలో తెలుగు చెప్పుచు పోతనను, సోమనను వల్లెవేయించితిని. ‘మా అమ్మ పాడు పాట ఎవరు కట్టిరండీ?’ యని మొన్న నొక బాలుడు అడుగగా, పేరు చెప్పగలిగితిని. తరగతిలో నే నా పేరు పలుకుట అదియే మొదటిసారి.