కొండచిలువ ఇంటి చుట్టం కాదు



చేతిఫోన్లలో ఈ మధ్య ఒక దృశ్యం తరచుగా తిరుగుతోంది. సోఫా మీద పన్నెండడుగుల కొండచిలువ చుట్టలు చుట్టుకొని పడుకొని ఉంటుంది. రెండేళ్ళ పాప దాని మీద తల ఆన్చి, బొమ్మల సినిమా చూస్తూ పాలసీసా నోట్లో పెట్టుకొని ఉంటుంది. కింద వేలకొద్దీ మెచ్చుకోళ్ళు. 'ఎంత ముద్దుగా ఉందో', 'మూగజీవాల ప్రేమ ముందు మనుషులెంత' అనే వ్యాఖ్యలు. అవి చదివినప్పుడు వైద్యుడిగా నాకు కలిగేది ఆశ్చర్యం కాదు, ఆగ్రహం. ఆ ఆగ్రహం పాము మీద కాదు. ఆ దృశ్యాన్ని చిత్రిస్తూ ఫోను పట్టుకొని నిలుచున్న పెద్దమనిషి మీద.

నా అభిప్రాయం దాపరికం లేకుండా ముందే చెబుతాను. ప్రాణిని చుట్టి నొక్కి చంపగల పెద్ద పామూ, ఊహ తెలియని పసిబిడ్డా ఒకే కప్పు కింద ఉండకూడదు. 'తగిన జాగ్రత్తలు తీసుకుంటే ఉండవచ్చు' అనే మాట వినడానికి వివేకంగానే ఉంటుంది. ఆచరణలో అది బిడ్డ ప్రాణాన్ని ఒక గొళ్ళేనికి తాకట్టు పెట్టడం. ఆ గొళ్ళెం తప్పిన రెండు ఇళ్ళ సంగతి వినండి.

2009 జూలైలో అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రంలో రెండేళ్ళ పాప నిద్రలోనే బర్మా కొండచిలువ చుట్టల్లో చిక్కి మరణించింది. ఆ పాము పొడవు ఎనిమిదిన్నర అడుగులే. దాని గాజుతొట్టెకు తాళం లేదు. పైన ఒక బొంత కప్పి ఉంచారు. నెల రోజులుగా దానికి ఆహారం పెట్టలేదు. ఆ రాత్రి అది ఒకసారి బయటికి వస్తే పట్టుకొని, సంచిలో వేసి, మళ్ళీ అదే తొట్టెలో పెట్టి నిద్రపోయారు. తెల్లవారేసరికి పాప లేదు. 2011లో ఆ తల్లికీ, ఆమె సహచరుడికీ పన్నెండేళ్ళ చొప్పున జైలుశిక్ష పడింది.

ఇది చదివి 'వాళ్ళు బొత్తిగా బాధ్యత లేనివాళ్ళు' అనుకోవడం సులభం. రెండవ సంఘటన అంత సులభంగా కొట్టివేయడానికి వీలు లేనిది. 2013 ఆగస్టులో కెనడాలోని న్యూ బ్రన్స్‌విక్ రాష్ట్రం, కాంప్‌బెల్టన్ పట్టణంలో నాలుగేళ్ళ, ఆరేళ్ళ అన్నదమ్ములిద్దరు స్నేహితుడి ఇంట్లో రాత్రి పడుకోవడానికి వెళ్ళారు. ఆ ఇంటి కింది అంతస్తులో సరీసృపాల దుకాణం ఉంది. ఇంటి యజమాని కొత్తగా సరదా పడి పామును తెచ్చుకున్నవాడు కాదు. వాటితోనే జీవనం గడుపుతున్నవాడు. అయినా ఇరవై మూడు కిలోల పైబడిన ఆఫ్రికా కొండచిలువ తన గదిలోని గాలిగొట్టంలోకి దూరి, కప్పు నుంచి పిల్లలు నిద్రిస్తున్న గదిలోకి పడింది. ఉదయానికి ఇద్దరు పిల్లలూ నిర్జీవులై ఉన్నారు. 2016లో జ్యూరీ ఆ యజమానిని నిర్దోషిగా ప్రకటించింది. న్యాయస్థానం తీర్పును నేను తప్పుపట్టడం లేదు. నేను చెప్పేది ఇంతే: చట్టం దృష్టిలో నేరమే లేనిచోట కూడా ఇద్దరు పిల్లలు పోయారు. అనుభవం, వృత్తి, ప్రత్యేకమైన గది, ఇవన్నీ ఉన్న చోటనే ఇలా జరిగితే, అద్దె ఇంట్లో గాజుతొట్టె పెట్టుకొని 'మేము జాగ్రత్తగానే ఉంటాము' అనే మాటకు విలువ ఎంత?

పెంపకందార్లు సాధారణంగా చేసే వాదనలను ఒక్కొక్కటిగా పరిశీలిద్దాం.

'మా పాము మచ్చికైంది' అన్నది మొదటి వాదన. కుక్క, పిల్లి, ఆవు వేల సంవత్సరాలుగా మనిషి గుమ్మంలో పెరిగిన జంతువులు. కొండచిలువ అలాంటిది కాదు. చేతి స్పర్శకు అది అలవాటు పడుతుంది, భయం తగ్గుతుంది. మనం దాన్ని ప్రేమ అని పిలుచుకుంటున్నాం. దాని పెదవుల దగ్గర వేడిని గుర్తించే గుంటలు ఉంటాయి. చీకటిలో వెచ్చని శరీరం ఎక్కడుందో వాటి ద్వారా తెలుసుకుంటుంది. మనిషి చేతికి ఎలుక వాసనో, కోడి వాసనో అంటుకొని ఉంటే అది ఆ చేతిని ఆహారమనుకొని పట్టవచ్చు. పెరిగిన మనిషికి అది గాయంతో పోవచ్చు. వెచ్చగా, చిన్నగా, చకచకా కదిలే పసివాడు దానికి ఎలా కనిపిస్తాడో మీరే ఊహించండి. ఇక్కడ మరొక మాట. యజమాని పక్కన పాము నిటారుగా పడుకొని, మింగడానికి కొలతలు తీసుకుంటోందన్న కథ ఒకటి ప్రచారంలో ఉంది. అది కట్టుకథ. పామును రాక్షసిని చేయవలసిన అవసరం మనకు లేదు. అది పాముగా ఉంటేనే చాలినంత ప్రమాదం ఉంది.

'దానికి విషం లేదు కదా' అన్నది రెండవ వాదన. విషం లేకపోవడం నిజమే. వెనక్కి వంగిన పళ్ళతో పట్టుకొని, క్షణాల్లో చుట్టలు వేసి బిగించడం దాని పద్ధతి. ఊపిరి ఆడక చనిపోవడమేనని మనం చాలాకాలం అనుకున్నాం. అమెరికాలోని డికిన్సన్ కళాశాల పరిశోధకులు 2015లో ప్రకటించిన అధ్యయనంలో, బోవా జాతి పాము ఎలుకను బిగించినప్పుడు కొన్ని సెకన్లలోనే ధమనుల రక్తపోటు సగానికి పడిపోయినట్లు కనుగొన్నారు. రక్తప్రసరణ ఆగిపోతుంది, మెదడుకూ గుండెకూ రక్తం అందదు. పసివాడిలో ఇది ఎంత వేగంగా జరుగుతుందో ఎవరూ కొలవలేదు, కొలవకూడదు. కాని పసిబిడ్డ పక్కటెముకలు మెత్తనివి. ఛాతీ కొద్దిపాటి ఒత్తిడికే అణిగిపోతుంది. కేక వేయడానికి కూడా గాలి కావాలి. ఆ గాలే ఉండదు కనుక పక్క గదిలో ఉన్న తల్లికి ఏమీ వినిపించదు.

'మేము పక్కనే ఉంటాము' అన్న మూడవ వాదనకు పైమాటలోనే సమాధానం ఉంది. పెద్దవాళ్ళు నిద్రపోతారు, స్నానానికి వెళతారు, ఫోను ఎత్తుతారు. పాముకు ఓపిక ఎక్కువ. అది రాత్రంతా మూతను నెట్టి చూస్తూనే ఉంటుంది. పైగా కొన్న నాటి పాము కాదు మీ ఇంట్లో ఉండబోయేది. రెండడుగుల పొడవుతో, చేతికి గాజులా చుట్టుకొనే బర్మా కొండచిలువ పిల్ల కొద్ది సంవత్సరాల్లోనే పదడుగులు దాటుతుంది. ఇరవై ఏళ్ళకు పైగా బతుకుతుంది. దాన్ని కొన్ననాడు ఇంట్లో బిడ్డ లేకపోవచ్చు. తరువాత పుట్టవచ్చు.

'కుక్కల వల్ల పోయే పిల్లలే ఎక్కువ' అన్నది నాలుగవ వాదన. ఇందులో నిజం ఉంది, ఒప్పుకుంటాను. కుక్కలు కోట్ల ఇళ్ళలో ఉన్నాయి. పెద్ద కొండచిలువలు బహు కొద్ది ఇళ్ళలో ఉన్నాయి. అందువల్ల ఆ మరణాల సంఖ్య తక్కువగా కనిపించడంలో వింత లేదు. కుక్క గుర్రుమంటుంది, పళ్ళు చూపిస్తుంది, చాలాసార్లు ముందుగా హెచ్చరిస్తుంది. ఆహారమనుకొని దూకే పాము హెచ్చరించదు. అంతకు మించి, ఒక ప్రమాదం ఉన్నదని చెప్పి మరొక ప్రమాదాన్ని కొని తెచ్చుకోవడం తర్కం కాదు.

ఇక చుట్టుకోవడం కంటే చాలా తరచుగా జరిగేదీ, ఎవరి కంటికీ కనిపించనిదీ మరొకటి ఉంది. అది సాల్మొనెల్లా. పాములు, తాబేళ్ళు, తొండ జాతుల పేగుల్లో ఈ సూక్ష్మజీవులు సహజంగానే ఉంటాయి. జంతువు చూడడానికి ఆరోగ్యంగానే ఉంటుంది. బిడ్డకు మాత్రం వాంతులు, రక్తవిరేచనాలు, జ్వరం రావచ్చు; నెలల పసికందులలో రక్తం విషపూరితం కావచ్చు, మెదడు పొరల వాపు రావచ్చు. దీనికి పామును తాకనక్కరలేదు. 1996లో అమెరికాలోని డెన్వర్ జంతుప్రదర్శనశాలలో కొమొడో డ్రాగన్ అనే పెద్ద ఉడుము జాతి జంతువును చూడడానికి వెళ్ళినవారిలో 60 మందికి పైగా జబ్బుపడ్డారు. ఎక్కువమంది పిల్లలే. వారు తాకింది జంతువును కాదు, దాని చుట్టూ ఉన్న చెక్క అడ్డుగోడను. అయిదేళ్ళ లోపు పిల్లలు సరీసృపాలను ముట్టుకోకూడదని అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సి.డి.సి. చెబుతున్నది అందుకే. సాధారణంగా మూడు నుంచి అయిదు అడుగుల వరకు పెరిగే బాల్ పైథాన్ బిడ్డను చుట్టి చంపకపోవచ్చు. ఈ సూక్ష్మజీవి విషయంలో మాత్రం దానికీ మినహాయింపు లేదు.

'ఇదంతా పరాయి దేశాల గొడవ, మనకెందుకు' అంటారేమో. రెండు కారణాలు చెబుతాను. మొదటిది: మన పిల్లలూ, మనుమలూ ఆ దేశాల్లోనే ఉన్నారు. పక్కింటి స్నేహితుడి పుట్టినరోజుకు వెళతారు. ఆ ఇంట్లో ఏముందో మనం అడగం. రెండవది: ఆ మోజు మన దేశానికీ వచ్చింది. బ్యాంకాక్ నుంచి పెట్టెల్లో దాచి తెచ్చిన బాల్ పైథాన్లు చెన్నై విమానాశ్రయంలో అనేకసార్లు పట్టుబడ్డాయి. 2024 ఏప్రిల్‌లో బెంగళూరు విమానాశ్రయంలో ఒక ప్రయాణికుడి సామానులో పది పసుపు అనకొండలు దొరికాయి. ఎవరో కొనేవారు ఉన్నందువల్లనే కదా అవి వస్తున్నాయి. మన పొలాల్లో దొరికే కొండచిలువ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నది. దాన్ని పట్టడం, ఇంట్లో ఉంచుకోవడం జైలుశిక్ష పడే నేరం. పట్టుబడిన పామును పిల్లవాడి మెడలో వేసి ఫోటో తీసుకోవడం వీరత్వం కాదు.

ఇక్కడ మనకు ప్రత్యేకమైన ఒక ప్రమాదం ఉంది. మన చేలల్లో తిరిగే రక్తపింజర ఒంటి మీద గోధుమరంగు మచ్చలు వరుసగా ఉంటాయి. తెలియనివారు దాన్ని కొండచిలువ పిల్లగా పొరబడడం కొత్త కాదు. పాము అంటే మెడలో వేసుకొనే ఆటవస్తువని నేర్చుకున్న బిడ్డ, వేసవి సెలవులకు తాతగారి ఊరు వచ్చి, గడ్డివాము పక్కన మచ్చల పామును చూసి చేయి చాచితే? బిడ్డకు భయం నేర్పమని నేను చెప్పడం లేదు. దూరం నేర్పండి. చూడాలి, తాకకూడదు, పెద్దవారిని పిలవాలి. ఈ మూడు మాటలు చాలు.

ఇక చేయవలసినవి. ఇంట్లో పసిబిడ్డ ఉంటే, పుట్టబోతూ ఉంటే, పెద్ద పామును అధీకృత సంరక్షణ కేంద్రానికి అప్పగించండి. ఎంతమాత్రం బయట వదలవద్దు. అలా వదిలిన, తప్పించుకున్న బర్మా కొండచిలువలే ఫ్లోరిడా ఎవర్‌గ్లేడ్స్ చిత్తడినేలల్లో విస్తరించి అక్కడి జంతుజాలాన్ని మింగివేస్తున్నాయి. బిడ్డను మరొకరి ఇంటికి పంపేముందు, 'మీ ఇంట్లో పాములు ఉన్నాయా, ఎక్కడ ఉంచారు, తాళం వేశారా' అని అడగండి. మొహమాటం వద్దు. ఉన్నాయంటే రాత్రి నిద్రకు పంపవద్దు. పామును కడిగిన స్నానపు తొట్టెలో బిడ్డకు నీళ్ళు పోయవద్దు. దాని పాత్రలు వంటగదిలో కడగవద్దు. దాని ఆహారమైన ఎలుకలను మన తిండి పెట్టే ఫ్రిజ్‌లో ఉంచవద్దు. ఆ ఇంటికి వెళ్ళివచ్చిన బిడ్డ చేతులు సబ్బుతో కడగండి. తరువాత జ్వరం, విరేచనాలు వస్తే ఆ ఇంట్లో సరీసృపం ఉన్నదని వైద్యుడికి తప్పక చెప్పండి.

చేయి దాటి పాము చుట్టుకుంటే తల దగ్గర పెనుగులాడుతూ కాలం వృథా చేయకండి. తోక కొనను పట్టి, అక్కడి నుంచి ఒక్కొక్క చుట్టనూ విప్పాలి. ఒకరు విప్పుతుండగా మరొకరు అంబులెన్సును పిలవాలి. మన దగ్గర 108, అమెరికాలో 911. బిడ్డ ఊపిరి తీయకపోతే వెంటనే సి.పి.ఆర్. మొదలుపెట్టండి. లేచి ఆడుకుంటున్నా సరే, ఆసుపత్రిలో పరీక్ష చేయించవలసిందే.

ఏటా వేలమంది రైతులూ కూలీలూ పాముకాటుతో పోతున్న దేశంలో ఈ విషయం ఎందుకని ఎవరైనా అడిగితే నా సమాధానం ఒకటే. రైతు పాముల మధ్యకు వెళుతున్నది మన అన్నం కోసం. వేరే దారి లేక. పామును పిల్లవాడి పడకగదికి తెచ్చేవాడు వెళుతున్నది ముచ్చట కోసం. ఆ ముచ్చటకు మూల్యం చెల్లించేది మాత్రం అతడు కాదు. కాదనడం తెలియని, పారిపోవడం చేతకాని పసివాడు. ఆ బిడ్డ తరఫున 'వద్దు' అనవలసినవారు మీరే.