చట్టానికీ ఒక హద్దు

జుమా నమాజు ముగిసిన తరువాత అచ్యుతాపురంలో ఒక తండ్రి మమ్మల్ని ఆపారు. ఆయన సెజ్‌లోని కర్మాగారంలో కూలిపని చేస్తారు. చేతిలో కుమార్తె బీసీ-ఇ ధ్రువపత్రం ఉంది. "మౌలానా సాబ్, అమ్మాయి చదువు పూర్తయ్యేదాకా ఈ కాగితం చెల్లుతుందా? ప్రభుత్వం ఇచ్చినదాన్ని కోర్టు ఎలా కొట్టివేస్తుంది?" అని అడిగారు. ఈ ఆందోళన అనేక గృహాలలో ఉన్నది గనుక ఇక్కడే ముచ్చటించుకుందాం.

ఉభయ సభలు ఆమోదించి, గవర్నరు సమ్మతించిన బిల్లు చట్టమవుతుంది. అయితే అది ప్రాథమిక హక్కులకు విరుద్ధమైతే రాజ్యాంగం 13వ అధికరణం ప్రకారం చెల్లదు. ప్రజలెన్నుకున్న ప్రభుత్వానికీ హద్దు ఉన్నదన్నమాట.

2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ముస్లింలకు 5 శాతం రిజర్వేషన్ కల్పిస్తూ ఉత్తర్వు ఇచ్చింది. హైకోర్టు దానిని కొట్టివేసింది. 2005లో ఆర్డినెన్సు, ఆపై చట్టం వచ్చాయి, అవీ నిలవలేదు. వెనుకబాటుతనాన్ని సరైన ప్రమాణాలతో నిర్ధారించలేదన్నది ముఖ్యమైన ఆక్షేపణ. పైగా అప్పటికే ఉన్న 46 శాతానికి 5 కలిపితే, 1992లో సుప్రీంకోర్టు విధించిన 50 శాతం పరిమితి దాటిపోతుంది. అందుకే 2007లో పి.ఎస్.కృష్ణన్ నివేదిక ఆధారంగా, వెనుకబడిన ముస్లిం వర్గాలకు మాత్రమే 4 శాతం కేటాయిస్తూ కొత్త చట్టం చేశారు. సయ్యద్, పఠాన్, మొగల్ వంటి వర్గాలను మినహాయించారు. 2010 ఫిబ్రవరిలో హైకోర్టు దానినీ కొట్టివేయగా, మార్చిలో సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వు వల్లనే అది నేటికీ అమలులో ఉన్నది.

సోదరులారా! ఈ హద్దు మనకు అడ్డు వచ్చిన నాడే దానిని నిందించడం న్యాయం కాదు. రేపు ఏ ప్రభుత్వమైనా మన ఆరాధనకో, మన మదరసాకో ఆటంకం కలిగించే చట్టం తెస్తే, మనం తట్టవలసిన తలుపు కూడా అదే.

మరొక మాట. మినహాయింపు పొందిన వర్గంవారు "షేక్" అని వ్రాయించుకొని ధ్రువపత్రం తీసుకుంటే అది ఖియానత్. ఒక పేదబిడ్డ సీటును కాజేయడమే.

ఆ తండ్రితో మేము ఇలా అన్నాము: "కాగితం నేడు చెల్లుతుంది. తుది తీర్పు మన చేతిలో లేదు. అమ్మాయి చదువు మాత్రం మీ చేతిలో ఉన్నది, దానిని ఆపకండి."