నలతకు సెలవెక్కడ?

శని, ఆదివారాలు వచ్చాయంటే మా కాశిబుగ్గ వీధుల తీరే మారిపోతుంది. ఎనుమాముల మార్కెట్‌కు ఆ రెండు రోజులూ సెలవు. మిర్చి బస్తాల లారీలు తగ్గుతాయి. హమాలీ పనికి వెళ్ళే అన్నలు ఇంటిపట్టున ఉంటారు. ఆదివారం పిల్లలకు బడి ఉండదు. ఇంటిల్లిపాదికీ విశ్రాంతి దొరికే ఆ రోజునే వంటగదికి పని రెట్టింపవుతుంది. వారమంతా పేరుకున్న యూనిఫారాలు ఉతకాలి, మధ్యాహ్నానికి బగారా అన్నం, దాల్చా వండాలి, సాయంత్రం వచ్చే చుట్టాలకు చాయ్ పెట్టాలి.

ఆ రోజే ఇల్లాలికి ఒంట్లో నలతగా ఉంటే?

జ్వరం 102 దాటితే ఇల్లంతా కదులుతుంది. ఆటో పిలుస్తారు, డాక్టరు దగ్గరికి తీసుకెళతారు, అక్కచెల్లెళ్ళు వచ్చి వండిపెడతారు. నలతకు ఆ భాగ్యం లేదు. తల బరువు, ఒళ్ళు నొప్పులు, గొంతులో గరగర. థర్మామీటరు మాత్రం ఏమీ చెప్పదు. మనిషి లేచి తిరుగుతూనే ఉంటుంది కనుక బాగానే ఉందనుకుంటారు. 'ఓ గోలీ వేసుకో' అనడంతో అందరి బాధ్యతా తీరిపోతుంది. ఈ నెల మేము ఈ సగం జబ్బు గురించే మాట్లాడదలిచాము.

కేంద్ర గణాంక శాఖ 2024లో జరిపిన సమయ వినియోగ సర్వే ప్రకారం, ఇంటిపని చేసే స్త్రీలు అందుకు రోజుకు సగటున 289 నిమిషాలు వెచ్చిస్తున్నారు. ఇంటిపని చేసే పురుషులు వెచ్చించేది 88 నిమిషాలు. అసలు చీపురే ముట్టని పురుషులు ఈ సగటులో లేనే లేరన్నది గమనించాలి!

దైవప్రవక్త (స) ఇంట్లో ఏం చేసేవారని ఆయిషా (రజి)ని అడిగితే, ఇంటివారి పనుల్లో ఉండేవారనీ, నమాజు వేళకు బయలుదేరేవారనీ ఆమె చెప్పినట్లు బుఖారీ గ్రంథంలో ఉంది. చెప్పులు బాగుచేసుకోవడం, బట్టలు కుట్టుకోవడం, మేక పాలు పితకడం కూడా ఇతర ఉల్లేఖనాల్లో కనిపిస్తాయి. ఎవరికో జబ్బు చేసిందని చేసిన పనులు కావవి, మామూలు రోజుల అలవాటు. మన ఇండ్లలో జబ్బు రోజున కూడా ఆ అలవాటు కనిపించడం అరుదు.

రమజాను ఉపవాసం విధి. అయినా వ్యాధిగ్రస్తులు తర్వాతి రోజుల్లో పూర్తి చేసుకోవచ్చని ఖుర్ఆన్ సడలింపునిచ్చింది. నిలబడలేనివారు కూర్చుని, కూర్చోలేనివారు పడుకుని నమాజు చేయవచ్చు. ఇన్ని సడలింపులున్న ధర్మాన్ని పాటించే ఇంట్లో బగారా అన్నానికి మాత్రం సడలింపు లేకపోవడం మాకు విచిత్రంగా తోస్తుంది.

వినోదం సంగతీ అంతే. హాల్లో క్రికెట్ నడుస్తుంటే, వంటగదిలోని ఆమె కేకలను బట్టి వికెట్ పడిందో, సిక్సర్ కొట్టారో ఊహించుకోవాలి. ఒక పండుగ రోజున మస్జిదులో అబిసీనియా వాసులు ఈటెలతో విన్యాసాలు చేస్తుంటే, ప్రవక్త (స) ఆయిషా (రజి)కి అడ్డుగా నిలబడి చూపించారు. ఆమెకు తనివి తీరేదాకా అలాగే నిలబడ్డారు. చాలన్న మాట ఆమె నుంచి రావాలి, అదీ మర్యాద.

వచ్చే శని, ఆదివారాల్లో ఇంట్లో ఎవరికైనా నలతగా ఉంటే దాల్చా జోలికి పోకండి. రెండు గ్లాసుల బియ్యం, ఒక గ్లాసు మసూర్ పప్పు, పసుపు, ఉప్పు, ఆరు గ్లాసుల నీళ్ళు కుక్కర్‌లో వేస్తే ఖిచిడీ సిద్ధం. పదో తరగతి పిల్లవాడైనా వండగలడు. ఖట్టా కుదరకపోతే ఊరగాయ ఉండనే ఉంది. సోమవారానికి పిల్లలకు ఒక్కో జత యూనిఫారం ఉతికితే చాలు, మిగతావి ఆగుతాయి. చుట్టాలకు ఫోన్ చేసి మరో వారం రమ్మనండి. జుహర్ నమాజు తర్వాత గది తలుపు దగ్గరగా వేసి, టీవీ చప్పుడు తగ్గించి, ఆమెను నిద్రపోనివ్వండి. లేచాక ఏం చూస్తావని అడిగి, రిమోట్ ఆమె చేతికివ్వండి.