పంచాయతీ వేరైతే బొడ్రాయీ వేరేనా?

మా తల్లిగారిది గంగాధర మండలంలో ఒక శివారు పల్లె. కాగితాల్లో హ్యామ్లెట్ అని రాసేవారు. "మనది ఆమ్లెట్ ఊరు బిడ్డా" అని నవ్వేవాడు నాన్న. రేషన్ బియ్యానికైనా, పింఛన్‌కైనా, ఓటుకైనా చెరువు కట్ట మీదుగా పెద్దూరికి నడవాల్సిందే. మోకాళ్ల నొప్పులతో అమ్మ ఆ కట్ట మీద ఎన్నిసార్లు కూలబడిందో!

2018లో కొత్త పంచాయతీరాజ్ చట్టం వచ్చాక రాష్ట్రంలో నాలుగు వేలకు పైగా తండాలు, గూడేలు, శివారు పల్లెలు పంచాయతీలయ్యాయి. మాదీ అయ్యింది. 2019 జనవరిలో తొలి సర్పంచి ఎన్నిక. సీటు ఆడవాళ్లకే వచ్చింది. (కుర్చీలో ఎక్కువగా కూర్చున్నది ఆమె భర్త. ఆ ముచ్చట ఇంకోసారి.) పనులకు పెద్దూరు పోయే తిప్పలు తగ్గాయి. వేరుపడినందుకు నాకేం బాధ లేదు.

బాధల్లా బొడ్రాయి గురించే.

మొన్న పెద్దూరిలో బొడ్రాయి పండుగ చేశారు. మీకు తెలుసుగా, ఊరికి బొడ్డులాంటిది ఆ రాయి. పెళ్లయి పోయిన ఆడబిడ్డలందరినీ పిలిచి ఒడిబియ్యం పోస్తారు. నా చిన్నప్పుడు ఆ రాయి నిలబెట్టిన రోజు మా ఇంటి చందా కూడా ఉంది. అమ్మ బిందెతో నీళ్లు తీసుకెళ్లి పోసింది. ఈసారి మా పల్లె ఆడబిడ్డలకు పిలుపే లేదు. అన్న పోయి అడిగితే, "మీ పంచాయతీ మీకైంది గదా, మీ బొడ్రాయి మీరు పెట్టుకోండ్రి" అన్నారట. మా మగవాళ్లూ తక్కువ తినలేదు. పౌరుషానికి పోయి, కొత్త రాయికి ఇంటికింత అని అప్పుడే చందా రాస్తున్నారు.

ఆడవాళ్లని మాత్రం ఇటూ అటూ ఎవరూ అడగలేదు. పంచాయతీ నిధుల కోసం, పనుల కోసం విడిపోయింది. సద్దుల బతుకమ్మ నాడు ఇప్పటికీ రెండు ఊళ్ల వాళ్లం ఒకే చెరువుకు పోతాం. రెండో రాయి పెట్టే ముందు రెండు ఊళ్ల మహిళా సంఘాలని ఒకచోట కూర్చోబెట్టి అడగండి. వాళ్లు వద్దంటే చందా పుస్తకం మూసేయండి.

మా వదిన పుట్టిల్లు పెద్దూరే. ఆమెకు పిలుపొచ్చింది, పోయింది. నిన్న కరీంనగర్ వచ్చి, తన ఒడిబియ్యంలో సగం మూటగట్టి నా చేతిలో పెట్టింది. "ఒక్కదాన్నే వండుకుంటే ముద్ద దిగలేదు వదినా" అంది. పొద్దున ఎసట్లో పోశాను.